మొదటి వరస దీపాలు

జలంత్రకోట,
18 నవంబరు 2024

రెబెక్కా వదినగారికి,

మీ మరదలు దయామణి వందనాలతో రాస్తున్నది. ప్రభువు దయవల్ల మేమంతా బాగున్నాం. మీ తమ్ముడికి మోకాలి నొప్పి కొంచెం నెమ్మదించింది. మా ప్రదీప్ రోజూ మోటారు సైకిలు మీద పలాస జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్లి వస్తున్నాడు. మొన్న ఆదివారం మీకు ఫోను చేసి పావుగంట మాట్లాడాను. ఆఖర్న మీరు "ఎవరో గాని లైన్లో లేరు" అని పెట్టేశారు. మీకు చెవులు మందం, నాకు గొంతు లేదు. మీ ఇద్దరికీ పోస్టాఫీసే దిక్కు అని మీ తమ్ముడు ఒకటే నవ్వు.

అసలు సంగతికి వస్తాను. ఫిబ్రవరిలో జరిగే గుడారాల ప్రార్థన కూడికల కోసం జీడితోట చూసి రమ్మని స్త్రీల సమాజం వాళ్లు నన్ను పంపారు. శనివారం పగలు సుమ్మాదేవి వెళ్లాను. పోయినసారి ఫిబ్రవరిలో మేము నా తల్లి జబ్బు వల్ల కూడికలకు రాలేదు కదా, రెండేళ్ల తర్వాత ఆ చోటు చూడటం ఇదే. నా మనసు నెమ్మదిగా లేదు వదినా.

ఆ రోడ్డు మునుపటి రోడ్డు కాదు. మందస వైపు నుంచి తిన్నగా వచ్చి, మన జీడితోటను ఆనుకుని, తిన్నగానే పలాస పోయేది. ఇప్పుడు కొత్త కల్వర్టు కట్టి, అక్కడ రోడ్డును ఎడమకు మళ్లించారు. మన గుడారాల మొదటి వరస మాత్రం పాత రోడ్డు గట్టు మీదే ఉంది. పోయినసారి గుంజలు పాతిన గుంటలు ఇంకా పూడలేదు. మలుపులో తెల్లగీత దగ్గర నిలబడి మొదటి గుంట దాకా నడిచాను. మీ గుడారం గుంట అది. నా అడుగులు తొమ్మిది. నేను అక్కడ ఉండగానే కంకర లారీ ఒకటి పోయింది. ఆ గాలికి నా చీర కొంగు ముఖం మీద పడింది.

బావి వెనక బోలెడంత ఖాళీ ఉంది. మొదటి వరస పదకొండు గుడారాలూ అక్కడ వేసుకుంటే సరిపోతుంది. అన్నయ్యగారు కార్యదర్శి, ఆయన ఒక్క మాట అంటే చాలు. ఆయనకు మీరు నచ్చచెప్పండి.

దయామణి


టెక్కలి,
27 నవంబరు 2024

మరదలు దయామణికి,

నీ ఉత్తరం అందింది. చదివి నవ్వుకున్నాను. పెళ్లయిన కొత్తలో మా ఇంటి పెరట్లో ఉడుమును చూసి నువ్వు మంచమెక్కి మధ్యాహ్నం దాకా దిగలేదు. అదే దయామణివి ఇప్పటికీ. తొమ్మిది అడుగులంటావు, నీ అడుగులు పిచ్చుక అడుగులు. మగవాళ్ల అడుగులైతే ఆరే అవుతాయిలే, ఇంకా భయపడు.

తల్లీ, ఆ వరస మా మావయ్యగారు వేసిన వరస. ఆయన రోజుల్లో మందస సంతకు బళ్లు కట్టుకుని పోయేవాళ్లంతా ఆ దారినే పోయేవారు. గుడారానికొక లాంతరు, వెదురు గడకు కట్టి, రోడ్డుకు ముఖం పెట్టి వేలాడదీసేవారు. బళ్లవాళ్లు ఆగి, ఎవరు మీరు, ఏమిటీ పాటలు అని అడిగేవారు. నీళ్లిచ్చి కూర్చోబెట్టి ప్రభువు మాట చెప్పేవారు. అలా బండి ఆపినవాళ్లలో మీ తాతయ్య ఒకరు. ఆ లాంతరు కనబడకపోతే మీ ఇంట్లో ఈ ప్రార్థన ఉండేదా? అలాంటి వరసను బావి వెనక్కి తీసుకుపోయి దాచమంటావా? మీ అన్నయ్యతో ఈ మాట అనడానికి నాకే నోరు రాదు.

రోడ్డు మీద లారీలు పోవడం కొత్తా? నాకు చెవుడు వచ్చాక ఆ చప్పుడు బాధ కూడా లేదు. మీరంతా దొర్లుతుంటే నేను హాయిగా నిద్రపోతాను.

ఇక్కడ చలి మొదలైంది. ఈసారి కూడికలకు రావాలని నాకే అంత ఉత్సాహం లేదు. వయసు మీద పడుతోంది కాబోలు. నీ తల్లికి ఎలా ఉందో రాయలేదు.

రెబెక్కా


జలంత్రకోట,
9 డిసెంబరు 2024

వదినగారికి,

అమ్మ లేచి తిరుగుతోంది. మీరు తాతయ్య మాట ఎత్తిన రోజు నేను చాలాసేపు ప్రార్థనలో ఉన్నాను. మీరన్నది నిజం. ఆ లాంతర్ల వల్లే మా ఇంటికి వెలుగు వచ్చింది. అందుకే నాకు ఇంకా దిగులు.

నిన్న మందసలో మందులు కొని, టీ కొట్టు దగ్గర బస్సు కోసం నిలబడ్డాను. కంకర లారీ ఆపుకుని ఒకాయన టీ తాగుతున్నాడు. నాకంటే పెద్దవాడే, పేరు జగన్నాథరావు. నా గొంతు సంగతి మీకు తెలుసు, మూడుసార్లు అడిగితేగాని ఆయనకు వినబడలేదు.

"బాబూ, సుమ్మాదేవి మలుపు దగ్గర మీకు ఎలా ఉంటుంది?"

"ఏటమ్మా, లారీ కొనేత్తావేటి?" అని నవ్వాడు.

కూడికల సంగతి చెప్పాను. ఆయన నవ్వు ఆపి గ్లాసు కింద పెట్టాడు.

"ఆ దీపాలు మీయేనా? పగలు పర్నేదమ్మా. తెల్లారగట్ట మంచు పట్టినప్పుడే సిక్కు. గీత కనిపించదు, మలుపు కనిపించదు. దూరంగా దీపాలు వరసగా కనిపిత్తే రోడ్డు అటే పోతందనుకుని పోతాం. మేవే కాదు, ఎవుడైనా అంతే. మీ దీపాలు పాత రోడ్డు మీద తిన్నగా ఉంటాయి. సూసినోడికి రోడ్డు దీపాలే."

"దగ్గరికొచ్చాక తెలిసి బ్రేకు వేస్తే?"

"కంకర నిండా ఉన్న బండి బ్రేకు తొక్కిన సోట ఆగుద్దేటమ్మా? ఇంకో డెబ్బయి అడుగులు అదే లాక్కుపోద్ది."

పోతూ పోతూ ఇంకో మాట అన్నాడు. "మా క్వారీలో భాను అని ఒకడున్నాడు. పోయినసారి మీ మీటింగుల రోజుల్లో ఏటైందో గాని, ఆడప్పట్నుంచి ఆ రూటు తోలనంటాడు. అడిగితే సెప్పడు. ఏడుపు మొహం పెడతాడు."

వదినా, పోయినసారి మీరు అక్కడే ఉన్నారు. మొదటి గుడారం మీదే. ఏమైనా జరిగిందా? ఇంతకాలం మనం రోడ్డుకు దగ్గరగా ఉన్నామన్నదే భయం అనుకున్నాను. సంగతి అంతకంటే పెద్దది. మన దీపాలే లారీని పిలుస్తున్నాయి. అన్నయ్యగారూ కమిటీవాళ్లూ ఎప్పుడూ పలాస వైపు నుంచి వస్తారు, అటు నుంచి ఇది తెలియదు. మందస వైపు నుంచి, మంచులో వచ్చేవాడికే తెలుస్తుంది.

దయామణి


టెక్కలి,
20 డిసెంబరు 2024

దయామణికి,

నువ్వు టీ కొట్టు దగ్గర లారీవాళ్లతో మన సంగతులు మాట్లాడుతున్నావని మందస సంఘంలో ఎవరో మీ అన్నయ్యకు చెప్పారు. ఆయన రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఇరవై రెండేళ్లుగా ఒక్క ఏడు తప్పకుండా కూడికలు నడిపిన మనిషి. రోడ్డు మీద నిలబడి ఆయన పనికి వంకలు వెతకడం మన ఇంటి ఆడవాళ్లు చేయవలసిన పని కాదు.

క్వారీలో ఎవడు ఏ రూటు తోలితే మనకెందుకు? ఈ విషయం ఇక నాకు రాయవద్దు.

క్రిస్మస్‌కు ప్రదీప్‌కు చొక్కా గుడ్డ పంపుతున్నాను.

రెబెక్కా


జలంత్రకోట,
7 జనవరి 2025

వదినగారికి,

చొక్కా గుడ్డ అందింది. రాయవద్దన్నారు. మీ మాట కాదని రాస్తున్నాను, క్షమించండి. నా జన్మలో పెద్దవాళ్ల మాట దాటడం ఇదే మొదలు.

శనివారం పలాస గుడిలో కమిటీ కూర్చుంది. స్త్రీల సమాజం తరఫున నేనూ వెళ్లాను. చివర్లో లేచి, మొదటి వరస బావి వెనక్కి మార్చాలని చెప్పాను.

"ఏటి చెల్లెమ్మా, నీ మాట నీకైనా వినిపిస్తందా?" అన్నారు అన్నయ్యగారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, మళ్లీ చెప్పాను. దీపాల సంగతి, లారీ ఆయన చెప్పినదీ అన్నీ చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మొదటి వరసలో మూడో గుడారం కరుణమ్మ పెద్దమ్మది కదా, ఆవిడే ముందు లేచింది. "మా అత్త ఏసిన సోట నేనేసేను. నేనేసిన సోట నా కోడలు ఏత్తాది. లారీలకి బయపడి దేవుడి దీపం ఆర్పుకుంటావేటే దయామణీ? మీ తాత ఆత్మ ఏమనుకుంటాది?"

"దీపం ఆర్పమనడం లేదు పెద్దమ్మా, జరపమంటున్నాను," అన్నాను.

అన్నయ్యగారు చేతిలో కాగితం చూసుకుంటూ అన్నారు: "అరవై ఏళ్లుగా ఏసిన సోటే ఏత్తన్నాం. ఇన్నేళ్లలో ఒక్క తాడైనా తెగిందేటి?"

ఆ మాట అంటున్నప్పుడు ఆయన తల ఎత్తలేదు వదినా. ఎదుటివాళ్ల కళ్లలోకి చూసి పాఠం చెప్పే మాస్టారు ఆయన. ఆ రోజు కాగితంలోంచి తల ఎత్తలేదు.

ఆఖరికి పాత చోటే ఖాయం చేశారు. ఫిబ్రవరి ఆరు నుంచి తొమ్మిది వరకు. మొదటి గుడారం మీదే, ఎప్పటిలాగే.

పోయినేడు ఏమైనా జరిగిందా అని అడిగాను. మీరు కోప్పడ్డారు గాని, లేదని రాయలేదు. నేను మీ ఉత్తరం పదిసార్లు చదివాను, అందులో లేదు అన్న మాట ఎక్కడా లేదు. మీకు హారను వినబడదు. మనిషి అరిచినా వినబడదు. మిగతా పది గుడారాలవాళ్లూ లేచి పరుగెత్తగలరు, మీరు పరుగెత్తలేరు. నాకు వరస అక్కర్లేదు, గెలుపు అక్కర్లేదు. మీరు వచ్చి నా గుడారంలో పడుకోండి. కాళ్లు పట్టుకుని అడుగుతున్నాను.

దయామణి


టెక్కలి,
20 జనవరి 2025

నా తల్లీ దయామణీ,

ఆయన పింఛను పనిమీద శ్రీకాకుళం వెళ్లారు. సాయంత్రానికి వస్తారు. ఈ లోపల రాసి నేనే పోస్టు డబ్బాలో వేస్తాను.

బైబిలు మీద చెయ్యి వేసి ఆయనకు మాట ఇచ్చాను. ఇప్పుడు ఆ మాట తప్పుతున్నాను. ఏది పెద్ద పాపమో తేల్చుకోలేక నీ ఉత్తరం పది రోజులు దిండు కింద పెట్టుకున్నాను.

పోయినేడు మూడో రోజు. వేకువ ప్రార్థనకు గంట ఇంకా కొట్టలేదు. ఆయన స్నానానికి బావి దగ్గరికి వెళ్లారు. నేను గుడారం ముందు కూర్చుని జడ వేసుకుంటున్నాను. మంచు ఎంత దట్టంగా ఉందంటే పక్క గుడారం దీపం పసుపు ముద్దలా కనబడుతోంది, అంతే. ఎదురుగా వెలుగు వచ్చింది. తెల్లవారుతోంది కాబోలు అనుకున్నాను. వెలుగు పెరుగుతోంది. తూర్పు అటు కాదే అనుకున్నాను. అప్పుడు అరికాళ్లకు నేల అదరడం తెలిసింది. లేవడానికి కూడా వ్యవధి లేదు. జడ చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను.

లారీ ఆగింది. గుడారం తాడు తెగింది, మేకు ఊడి వచ్చింది. చెయ్యి చాపితే బంపరు అందేది. ఇంజను వేడి నా ముఖానికి తగిలింది. డ్రైవరు దిగి నా ముందు కూలబడ్డాడు. ఏదో అంటున్నాడు, నాకు వినబడలేదు. పెదాలు చూస్తే రోడ్డు, రోడ్డు అంటున్నట్టుంది. నువ్వు రాసిన భాను అతనే కావచ్చు. పిల్లలున్న మనిషిలా ఉన్నాడు. వెళ్లిపో బాబూ అని చెయ్యి ఊపాను.

ఆయన పరుగెత్తుకుని వచ్చారు. నన్ను తడిమి చూశారు, ఏడ్చారు. తర్వాత లారీ వెనక్కి వెళ్లిపోగానే జీడికొమ్మ విరిచి టైర్ల జాడ చెరిపేశారు. తాడు ముడి వేసి మేకు పాతారు. అలికిడికి లేచినవాళ్లతో, ఎవరో బండి తిప్పుకున్నారు అన్నారు. గంట కొట్టి ప్రార్థన మొదలుపెట్టారు. ఆ ప్రార్థనలో ఆయన గొంతు వణికిందట, చాలా ఆత్మీయంగా చేశారని కరుణమ్మ మెచ్చుకుంది.

ఆయన చెడ్డవారు కాదు. ఈ సంగతి బయటపడితే ఊళ్లవాళ్లు ఆడవాళ్లను పంపరు, నాన్న మొదలుపెట్టిన కూడికలు నా చేతుల్లో ఆగిపోతాయి అన్నారు. దేవుడు ఒకసారి కాపాడాడు, మళ్లీ అనుమానపడితే ఆయన మేలు మరిచినట్టు అని కూడా అన్నారు. నేనూ నమ్మాను. నమ్మాననే అనుకున్నాను. కానీ సంవత్సరం నుంచి ఇంట్లో ట్యూబులైటు వెలిగినా ఉలిక్కిపడుతున్నాను.

నీ గుడారంలోకి రాలేను. కార్యదర్శి భార్య మొదటి గుడారంలో లేకపోతే ఎందుకని అడుగుతారు. రాకుండా ఇంట్లో ఉన్నా అడుగుతారు. నా చోటు ఖాళీగా పెట్టి మిగతా పది గుడారాల్లో పిల్లల్ని పడుకోబెట్టడం నావల్ల కాదు. అందుకని వస్తాను. నిద్రపోను. చెవులు పని చేయకపోయినా కళ్లు పని చేస్తాయి. నాలుగు రాత్రులూ మలుపు వైపు చూస్తూ కూర్చుంటాను.

చదివి చించెయ్యి. ఇది కమిటీలో చదివితే ఆయన ముఖం ఎత్తుకుని తిరగలేరు. చదవవద్దని మాత్రం నేను రాయలేకపోతున్నాను.

రెబెక్కా


సుమ్మాదేవి తోట నుంచి,
5 ఫిబ్రవరి 2025, బుధవారం

వదినగారికి,

ఈ ఉత్తరం ప్రదీప్ చేత పంపుతున్నాను. పోస్టులో వేసేంత వ్యవధి లేదు.

మీ ఉత్తరం చించేశాను. కమిటీలో చదవలేదు, మీ తమ్ముడికి కూడా చెప్పలేదు. పదిహేను రోజులు ఉపవాసం ఉండి అడిగాను. చదివితే పదకొండు కుటుంబాలు నిలుస్తాయి, మీ సంసారం పోతుంది. చదవకపోతే మీ సంసారం నిలుస్తుంది, మీరే పోతారేమో. నాకు ఒక్కటే తోచింది. ఆయన చెరిపిన జాడ నేను చూపించక్కర్లేదు. ఆయన ఎప్పుడూ చూడనిది ఒకటి ఉంది, అది చూపిస్తే చాలు.

మీరు రేపు వస్తారని చెప్పి, అన్నయ్యగారు ఈరోజు మధ్యాహ్నమే ఒక్కరూ వచ్చారు. అప్పటికే మొదటి వరస గుడారాలు లేచాయి. మందస గుడి నుంచి చాపలూ జంబుఖానాలూ తేవాలి, తీసుకున్నట్టు సంతకం చేయాలి. మీరు రండి అన్నయ్యగారూ అన్నాను. అబద్ధం ఆడలేదు. మీ తమ్ముడు సంతకం చేసినా సరిపోతుందన్నది మాత్రం చెప్పలేదు. దీపాలు పెట్టే వేళకు తిరిగి వచ్చేలా చూసుకున్నాను. వ్యాను తోలే దిలీప్ పలాస కుర్రాడు, ఈ దారి ఎరగడు. "నెమ్మదిగా పోనీ బాబూ, ఎంత నెమ్మదిగానైనా సరే" అని ముందే చెప్పి ఉంచాను.

హరిపురం దాటేసరికి మంచు దిగింది. అన్నయ్యగారు ముందు సీట్లో, నేను కిటికీ పక్కన. దూరంగా మన దీపాలు కనబడ్డాయి. పదకొండూ ఒకే గీతలో, ఎంత అందంగా ఉన్నాయో. అన్నయ్యగారి ముఖం వెలిగింది.

"ఇప్పుడెటు మాస్టారూ?" అన్నాడు దిలీప్.

"ఎటేటి? దీపాలు కనిపిత్తన్నాయి కదా, తిన్నగా పోనీ," అన్నారు ఆయన. చెయ్యి చాపి చూపించారు కూడా.

నేను నోరు విప్పలేదు. వదినా, ఆ కొద్దిసేపు నేను చేసిన ప్రార్థన జీవితంలో ఎప్పుడూ చేయలేదు. ముందు చక్రం తారు దిగి మట్టిలో పడింది. వ్యాను ఒరిగింది. దిలీప్ "అమ్మో, రోడ్డేదండీ?" అని బ్రేకు తొక్కాడు. నెమ్మదిగా వస్తున్నాం గనక ఆగింది. అద్దంలోంచి మొదటి గుడారం గుడ్డ మీద నీలం చారలు లెక్కపెట్టవచ్చు.

అన్నయ్యగారి చెయ్యి ఇంకా అలాగే చాపి ఉంది.

చెయ్యి దించి అన్నారు, "నేనే సెప్పేను. తిన్నగా పొమ్మని నేనే సెప్పేను." నా వైపు తిరిగి, "నీకు తెలుసా చెల్లెమ్మా?" అన్నారు. ఏ సంగతి తెలుసా అని అడగలేదు, నేనూ జవాబు చెప్పలేదు. ఆయన దిగి, మొదటి గుడారం తాడు పట్టుకుని నిలబడ్డారు. జనమంతా పోగయ్యారు. కరుణమ్మ పెద్దమ్మ చేతిలో మనవడితో వచ్చింది.

"పోయినేడు మూడో రోజు తెల్లారగట్ట ఇక్కడికే లారీ వొచ్చింది," అన్నారు. "ఇక్కడే ఆగింది. రెబెక్కా ఇక్కడే కూసుంది. జాడ నేనే సెరిపేను. మీకెవరికీ సెప్పొద్దని దాని నోరు నేనే మూసేను."

కరుణమ్మ పెద్దమ్మ ముందుకు వచ్చింది: "నా మనవడు మూడో గుడారంలో ఉన్నాడు మాస్టారూ. పోయినేడూ ఉన్నాడు. మొన్న కమిటీలో తాడు తెగిందేటని అడిగేవు. నేనూ నీ పక్కన నిలబడి దయామణిని తిట్టేను. నాసేత తిట్టించేవు కదయ్యా!"

"అవును," అన్నారు ఆయన.

"రేపు వాక్యం నువ్వు సదవకు. నాకు ఇనాలనిపించదు."

"సదవను," అన్నారు.

ఆవిడ మనవణ్ణి నా చేతికిచ్చి, వంగి తన గుడారం మేకు తనే పీకింది. తర్వాత ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది. పదకొండు గుడారాలూ బావి వెనక్కి వెళ్లాయి. దీపాలు వరసగా కట్టలేదు, బావి చుట్టూ గుండ్రంగా కట్టాం. మలుపు దగ్గర పాత రోడ్డుకు ఎర్ర గుడ్డలు చుట్టిన డ్రమ్ములు అడ్డం పెట్టాం. కబురు పంపితే జగన్నాథరావుగారు క్వారీ నుంచి రెండు ఎర్ర దీపాలు పంపారు. రెండు కుటుంబాలవాళ్లు మాత్రం అన్నయ్యగారి మీద కోపంతో సామాను కట్టుకుని ఇళ్లకు వెళ్లిపోయారు. అన్నయ్యగారు ఆపలేదు. పాస్టరుగారికి రాజీనామా కాగితం ఇచ్చి, అప్పటి నుంచి జంబుఖానాలు మోస్తున్నారు.

ఇందాక నా దగ్గరికి వచ్చి, "మీ వదినకు నువ్వు రాయి చెల్లెమ్మా. అందరి ముందూ సెప్పేసేనని రాయి. దాని ముందు నిలబడి సెప్పే మొహం నాకు లేదు," అన్నారు. మీరు నాకు రాసిన సంగతి ఆయన ఎరగరు. మీరు మాట నిలబెట్టుకున్నారనే అనుకుంటున్నారు. ఆ సంగతి నేను చెప్పను. మీరే చెప్పుకోవాలి, మీకు మనసైనప్పుడు.

ప్రదీప్ రాత్రికి మీ ఇంట్లో పడుకుని, బాగా తెల్లవారాక మిమ్మల్ని ఎక్కించుకుని వస్తాడు. మంచు విడిచాకే బయలుదేరండి. మీ గుడారం బావి వెనక నాలుగోది, నాది పక్కది. రోడ్డు దగ్గర నుంచి నడిచి చూశాను, నా అడుగులతో నూట ఎనభై.

ఈ ఏడు మీరు నిద్రపోవచ్చు.

దయామణి